పాత క్యాబినెట్‌ని కాటాకు వెయ్యకండి

ఈమధ్య మా కోనసీమ ఊళ్లలో పాత ఇనుప సామాన్ల బళ్ల మీద కంప్యూటర్ క్యాబినెట్లు తరచుగా కనబడుతున్నాయి. విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, తుప్పు పట్టిన మోటారు బాడీలు, వాటి మధ్యన పసుపుతేలిన ఒక సీపీయూ డబ్బా. కారణం ఊహించడం కష్టం కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ పైదో అయ్యుండాలి. పిల్లల చదువుకని 2012, 2014 ప్రాంతాల్లో కొన్న సిస్టమ్‌లు అక్కడే ఆగిపోయాయి. అంతకుముందువి ఎప్పుడో అటకెక్కాయి. ఎవరో ఒకరు వచ్చి "ఇది ఇంక పనికిరాదండి" అంటారు, డబ్బా గుమ్మం దాటుతుంది.

నిజానికి పనికిరాకుండా పోయింది లోపలున్న మదర్‌బోర్డు, ప్రాసెసర్. వాటిని మోసిన ఇనుప డబ్బాకి విండోస్‌తో ఏ సంబంధమూ లేదు. అయినా మొత్తం కట్టగట్టి కిలోల లెక్కన అమ్మేస్తున్నాం. తర్వాత షాపుకెళ్లి, లోపలి సరుకు కంటే ముందు మెరిసే డబ్బాని ఎంచుకుంటున్నాం. ఈ పద్ధతి మారాలని నా గట్టి అభిప్రాయం. తక్కువ డబ్బుతో ఇంటికి కంప్యూటర్ కట్టుకునేవాళ్లు పాత డబ్బానే ఉంచుకోవాలి. అక్కడ మిగిలిన ప్రతి రూపాయినీ కంటికి కనబడని చోట పెట్టాలి, అంటే గోడ కరెంటుని మార్చి లోపలి భాగాలకి పంచే ఎస్‌ఎంపీఎస్ మీద, ర్యామ్ మీద, ఇంటి ఎర్తింగ్ మీద. గాలిలో తేమా, తీగల్లో నిలకడలేని ఓల్టేజీ ఉన్న మన డెల్టాలో ఇది మరీ అవసరం.

ఇంత ధీమాగా చెప్పడానికి ఆధారం ఉంది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతల పద్ధతిని బయటపెట్టింది. బోర్డు 305 మిల్లీమీటర్ల పొడుగు, 244 వెడల్పు ఉండాలి. స్క్రూ బొక్కలు ఫలానా చోట్లే ఉండాలి. వెనక పోర్టులకి ఫలానా సైజు కంత, ఎస్‌ఎంపీఎస్ బిగించడానికి 150 బై 86 మిల్లీమీటర్ల చోటు. 1997లో మైక్రో ఏటీఎక్స్ అని చిన్న సైజు వచ్చింది, 244 బై 244. దాని బొక్కలు చాలామటుకు పెద్దదాని బొక్కలే. ఆ తర్వాత ప్రాసెసర్లు ఎన్నో మారాయి, ర్యామ్ తరాలు మారాయి, ఫ్లాపీ పోయింది, సీడీ డ్రైవూ పోయింది. ఈ కొలతలు మాత్రం నిలిచాయి. 2005లో కొన్న మామూలు అసెంబుల్డ్ డబ్బాలో ఇవాళ్టి బోర్డు పెట్టి చూడండి, స్క్రూ బొక్కలు ఎదురెదురుగా వచ్చి నిలబడతాయి.

మా వైపు మండువా లోగిలి విప్పితే టేకు గుమ్మాల్నీ దూలాల్నీ ఎవరూ పొయ్యిలో పెట్టరు. కొత్త డాబాకి అవే గుమ్మాలు ఎక్కుతాయి, లేదంటే పాత కలప కొట్టు వాడు బేరమాడి పట్టుకెళ్తాడు. కలప విలువ తెలిసినవాళ్లం, రేకు విలువ దగ్గర ఎందుకు తడబడుతున్నామో నాకు అర్థం కాదు.

సంక్రాంతి వెళ్లాక మా మేనకోడలికి సిస్టమ్ కావలసి వచ్చింది. వాళ్లది అంబాజీపేట దగ్గర పల్లె, కొబ్బరి తోట మధ్యన ఇల్లు. డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకుంది, రోజూ బస్సు మీద అమలాపురం వెళ్లొస్తుంది. పైథాన్, జావా నేర్చుకోవాలి, ఆన్‌లైన్ క్లాసులు వినాలి. వాళ్ల నాన్న కొబ్బరి లెక్కలు రాసుకోవాలి, సాయంత్రం నాయనమ్మ ప్రవచనాలు చూడాలి. ఇదీ అవసరం. పెద్ద గేములు లేవు, వీడియో ఎడిటింగ్ లేదు.

బావగారు అప్పటికే ఒక షాపులో కొటేషన్ తెచ్చారు. పక్కన గాజు పలక, ముందు రంగు లైట్ల ఫ్యాన్లు ఉన్న క్యాబినెట్ అందులో మొదటి వరసలో ఉంది. ర్యామ్ 8 జీబీ, ఒకే కర్ర. ఎస్‌ఎంపీఎస్ దగ్గర కంపెనీ పేరు లేదు, మోడల్ లేదు, "450 వాట్స్" అని మాత్రం రాసి ఉంది. ఈ కాగితం చూశాకే నాకు కోపం వచ్చింది. ఆ షాపు ఒక్కదాన్నే అనడం లేదు, డెల్టాలో నేను చూసిన కొటేషన్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. కొనేవాళ్ల కన్ను ఎక్కడ పడుతుందో డబ్బు అక్కడ పెడతారు. కొనేవాళ్ల కన్ను పడని చోట కోత పెడతారు. సిస్టమ్ ఎక్కువకాలం బతకాలంటే సరిగ్గా దీనికి తలకిందులుగా చెయ్యాలి.

"ఏరా, కొత్తది కొంటూ పాత డబ్బా ఏంట్రా, చూసినవాళ్లు ఏమనుకుంటారు" అంది అక్క. మేనకోడలు మాత్రం "లైట్లు లేకపోయినా పర్లేదు మావయ్యా, హ్యాంగ్ అవ్వకుండా ఉంటే చాలు" అంది. అటక మీద వాళ్ల పాత పెంటియం 4 సిస్టమ్ ఉంది. దింపి చూస్తే మందపాటి రేకు, రెండు పక్కలా విడిగా ఊడొచ్చే పలకలు, వెనక ఒక చిన్న ఫ్యాను. అడుగున కాస్త తుప్పు. ఇప్పుడు చవగ్గా దొరికే కొత్త డబ్బాల రేకు రెండు వేళ్లతో నొక్కితే వంగుతుంది. దీనిది వంగలేదు.

గాజు డబ్బా ధరా, కరెంటు తక్కువ వృథా చేస్తుందని బ్రాంజ్ గుర్తు ఉన్న మంచి కంపెనీ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ధరా మా బిల్లులో ఇంచుమించు ఒకటే తేలాయి. అంటే డబ్బా మానేస్తే మంచి ఎస్‌ఎంపీఎస్ దాదాపు ఊరికే వచ్చినట్టు. ఊరూపేరూ లేని ఆ ఎస్‌ఎంపీఎస్‌కి వేసిన డబ్బు రెండో ర్యామ్ కర్రకి చేయూత అయింది. 2025 చివర నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో కొన్నవాళ్లకి తెలుసు. అలాంటప్పుడు డబ్బా మీద ఖర్చు పెట్టి ర్యామ్ తగ్గించుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. మేము తీసుకున్న ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ, 2021లో వచ్చిన రకం. ఆరు కోర్లు, గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. ఈ గ్రాఫిక్స్‌కి విడిగా మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. కాబట్టి ఒక 8 జీబీ కర్ర బదులు రెండు పెడితే రెండు దారుల్లో సమాచారం నడిచి ఆ తేడా తెలుస్తుంది. 520 తరగతి చవక మదర్‌బోర్డు, ఫైళ్లు దాచుకోవడానికి 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. మా దగ్గర దొరకని ఒకటి రెండు భాగాలు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ భాగాల బజారు సీటీసీ నుంచి ఆర్టీసీ కార్గోలో వచ్చాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పాత డబ్బా వాడండి అని చెప్పిన నోటితోనే, అందులో ఉన్న పాత ఎస్‌ఎంపీఎస్ మాత్రం వాడకండి అని అంతకంటే గట్టిగా చెప్తాను. ఈ రెండూ ఒకే డబ్బాలో ఉన్నా వాటి తత్వాలు వేరు. రేకు ముసలిదవదు. ఎస్‌ఎంపీఎస్ వాడినా ముసలిదవుతుంది, వాడకపోయినా అవుతుంది. దాంట్లో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉంటాయి, లోపల ద్రవం. వేడికి, కాలానికి ఆ ద్రవం ఎండిపోతుంది. పైగా 2000 తర్వాతి కొన్నేళ్లు ప్రపంచమంతా నాసి కెపాసిటర్లు బోర్డుల్లోకి, ఎస్‌ఎంపీఎస్‌లలోకి వచ్చి, తలలు ఉబ్బి, కారి, లక్షల సిస్టమ్‌లు పోయాయి. మన అటకల మీద ఉన్నవి చాలావరకు ఆ కాలం సరుకే.

వయసు ఒక్కటే కాదు, పాత ఎస్‌ఎంపీఎస్ కరెంటు పంచే తీరే వేరు. పెంటియం 3 కాలంలో ప్రాసెసర్‌కి కావలసిన పవరు ఎక్కువగా 5 ఓల్టుల లైను నుంచి తీసుకునేవారు. పెంటియం 4తో అది 12 ఓల్టులకి మారింది, అందుకే నాలుగు పిన్నుల చదరం ప్లగ్గు ఒకటి అదనంగా వచ్చింది. ఇప్పటి సిస్టమ్ దాదాపు మొత్తం 12 ఓల్టుల మీదే నడుస్తుంది. పాత ఎస్‌ఎంపీఎస్ పక్కనున్న స్టిక్కర్ చదవండి. పైన పెద్ద అక్షరాల్లో 400 వాట్లని ఉంటుంది, కింద 12 ఓల్టుల దగ్గర 15 ఆంపియర్లని ఉంటుంది. రెంటినీ గుణిస్తే 180 వాట్లు. మిగతాది మనకిప్పుడు అక్కర్లేని 5 ఓల్టుల ఖాతాలో ఉంది. మంచి కొత్త 450 వాట్లదాంట్లో 12 ఓల్టుల లైను ఒక్కటే 400 వాట్లు దాటి ఇస్తుంది. కొనేటప్పుడు చూడాల్సిన అంకె అదే. స్టిక్కర్ మీద ఆ అంకె లేని ఎస్‌ఎంపీఎస్‌ని ఎంత చవకైనా ఇంటికి తేకండి.

దీంట్లో ఒక ఆశ పెట్టే చిక్కుంది. పాత 20 పిన్నుల ప్లగ్గు కొత్త బోర్డు మీది 24 పిన్నుల సాకెట్లో ఎక్కుతుంది. ఒక్కోసారి సిస్టమ్ ఆన్ కూడా అవుతుంది. "అయిందిగా, ఇంకెందుకు కొత్తది" అంటారు. ఆన్ అవడం వేరు, మే నెల మధ్యాహ్నం ఓల్టేజీ ఎగిరెగిరి పడుతున్నప్పుడు నిలబడటం వేరు. ఎస్‌ఎంపీఎస్ పోతే అది ఒక్కటే పోతుందన్న నమ్మకం లేదు. బోర్డుని, ఎస్‌ఎస్‌డీని వెంట తీసుకుపోవచ్చు. పాత వైర్లకి, ఇప్పటి డిస్క్‌లకి కరెంటు ఇచ్చే సాటా ప్లగ్గు లేదని అచ్చుపోసిన చవక కన్వర్టర్లు తగిలించేవాళ్లూ ఉన్నారు. ఆ ప్లాస్టిక్ ముద్ద లోపల తీగలు దగ్గరికి జరిగితే షార్ట్ అయ్యి అంటుకోవచ్చు. ఇంట్లో అందరూ నిద్రపోయాక డౌన్‌లోడ్ పెట్టి వదిలేసే సిస్టమ్‌కి అది తగిలించడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఎర్తింగ్ గురించి ఇంకా వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని పట్టించుకునేవాళ్లు నాకు చాలా తక్కువమంది కనిపించారు. "క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది" అనే మాట మన ఇళ్లలో ఎంత మామూలంటే, అది కంప్యూటర్ సహజగుణం అనుకుంటారు. కాదు. ఎస్‌ఎంపీఎస్‌లోకి కరెంటు వచ్చే చోట, రేడియో రొదని అణచడానికి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజు నుంచి డబ్బాకి, ఒకటి న్యూట్రల్ నుంచి డబ్బాకి. ఎర్త్ వైరు సరిగ్గా ఉంటే వాటిగుండా వచ్చే కొద్దిపాటి కరెంటు నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే పోవడానికి దారి లేక డబ్బా మొత్తం ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్యలో, అంటే 230లో సగం, సుమారు 115 ఓల్టుల దగ్గర వేలాడుతుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది. ఆ కరెంటు మిల్లీ ఆంపియర్ కంటే తక్కువే కాబట్టి మనిషికి జివ్వుమని మాత్రమే అనిపిస్తుంది. కానీ లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ దెబ్బతిని ఫేజు తీగ డబ్బాకి తగిలిందనుకోండి, అప్పుడు ఆ ఇనుము మీద ఉండేది పూర్తి 230 ఓల్టులు. ఫ్యూజు కొట్టెయ్యాలన్నా, ట్రిప్ అవ్వాలన్నా ఎర్త్ ఉండాలి. టీవీకి హెచ్‌డీఎంఐ వైరు తగిలించేటప్పుడు చిటుక్కుమని పోర్టులు కాలిపోవడం వెనక ఉండేదీ చాలాసార్లు ఇదే.

పాత ఇళ్లలో మూడు కంతల ప్లగ్గు బిగించి ఉంటుంది గానీ, పై కంతకి వైరు కలిపి ఉండదు. మా అక్క వాళ్లింట్లో ఆ గదిలో అదే పరిస్థితి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, బోర్డు విప్పించి, పెరట్లో జీఐ పైపు దింపించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేయించి, అక్కడి నుంచి గదికి పచ్చ తీగ లాగించాం. ఈ పనిలో డెల్టా మనకి కలిసొస్తుంది. నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది, కాలవ పక్కన నాలుగడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి. తడి నేల కరెంటుని సులువుగా తీసుకుంటుంది. రాయలసీమ రాతి నేలలో ఎర్తింగ్ కోసం పడే అవస్థ ఇక్కడ లేదు. ఇంత తేలికైన పని చేయించుకోకుండా, పిల్లలు రోజూ చెయ్యిపెట్టే ఇనుప డబ్బాని ఎర్త్ లేకుండా వదిలెయ్యడం నాకు మింగుడుపడదు. ఆ పని జరిగాక మా అక్క, పాత డబ్బా మీదున్న అనుమానం వదిలేసి, ఫ్రిజ్‌కీ వాషింగ్ మెషీన్‌కీ కూడా తీగ లాగించింది.

దీనికే అనుబంధం ఇన్వర్టర్. మన వైపు ఇన్వర్టర్ లేని మధ్యతరగతి ఇల్లు అరుదు. కరెంటు పోయినప్పుడు ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలో మిగిలిన శక్తితో సుమారు 16 మిల్లీసెకన్లు సిస్టమ్‌ని నిలబెడుతుంది. ఆ లోపల ఇన్వర్టర్ అందుకోవాలి. చాలా ఇన్వర్టర్ల వెనకో ముందో యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. అది వేస్తే తొందరగా అందుకుంటుంది, ఓల్టేజీ మరీ పడిపోకముందే బ్యాటరీకి మారుతుంది. కొన్నప్పటి నుంచీ ఆ స్విచ్ ముట్టనివాళ్లు ఎక్కువ. ఇంకొక మాట, పాత చదరపు తరంగం ఇన్వర్టర్ల మీద ఇప్పటి మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని మొరాయిస్తాయి. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఆ బెంగ లేదు.

"పాత డబ్బాలో గాలి ఆడదు, కొత్త ప్రాసెసర్ వేడెక్కిపోతుంది" అనేది షాపుల్లో వినిపించే పెద్ద అభ్యంతరం. వినడానికి బాగానే ఉంటుంది, లెక్కకి నిలవదు. ఆ డబ్బాలో ఒకప్పుడు కూర్చున్న వాళ్లని గుర్తు తెచ్చుకోండి. 2004లో వచ్చిన ప్రెస్కాట్ పెంటియం 4లలో 3 గిగాహెర్ట్జ్‌ది 89 వాట్లు, పై రకాలు 115 వాట్లు. పెంటియం డి 840 అయితే 130 వాట్లు. మేము పెట్టిన రైజెన్ 65 వాట్లది. ఇంటెల్ ఐ3 12100 అయినా మామూలుగా 60, బిగబట్టి పనిచేసినప్పుడు 89. నిప్పుల కుంపటి లాంటి పెంటియంలని ఏళ్ల తరబడి మోసిన డబ్బాకి ఇది ఏపాటి? వెనక ఉన్న 80 మిల్లీమీటర్ల ఫ్యాను అరిగిపోయి గొరగొరమంటోంది, దాన్ని మార్చాం. ముందు వైపు ఇంకో ఫ్యాను పెట్టాం. అది గాలి లోపలికి లాగే చోట నైలాన్ దోమల మెష్ ముక్క కత్తిరించి పెట్టాం. కొబ్బరి పీచు దుమ్ము, కోతల కాలంలో ఊక దుమ్ము ఎంత సన్నగా ఉంటాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ మెష్‌ని నెలకోసారి కడగాలి, లేకపోతే అదే గాలిని ఆపేస్తుంది. ప్రాసెసర్‌తో వచ్చిన కూలర్‌నే వాడాం. ఎత్తైన టవర్ కూలర్లు పాత సన్న డబ్బాల్లో పక్క పలకకి తగులుతాయి.

బిగించే పనిలో పెద్ద విద్య ఏమీ లేదు గానీ, కొన్ని చోట్ల మెల్లగా వెళ్లాలి. బోర్డుని రేకుకి తగలకుండా ఎత్తిపట్టే ఇత్తడి స్టాండాఫ్‌లని కొత్త బోర్డు బొక్కలతో పోల్చి చూసి, బొక్క లేని చోట ఉన్నదాన్ని తప్పకుండా తీసెయ్యాలి. అది బోర్డు అడుగున తగిలితే షార్ట్. చవక బోర్డులు 244 కంటే వెడల్పు తక్కువగా వస్తాయి, కుడి అంచు గాలిలో ఉంటుంది. అందుకని ర్యామ్ నొక్కేటప్పుడు, పెద్ద ప్లగ్గు ఎక్కించేటప్పుడు వెనక వేళ్లు ఆనించాలి. ముందు బటన్ల వైర్లు అవే పనిచేస్తాయి. పవర్ బటన్‌కి ఉండేది రెండు తీగలే, ఎటు పెట్టినా ఒకటే. అది పాడైపోయి ఉంటే రీసెట్ బటన్ వైరుని దాని స్థానంలో పెట్టుకోవచ్చు. లైటు వైరు పాతవాటికి మూడు కంతల ప్లగ్గులో వస్తుంది, కొత్త బోర్డుకి రెండే పిన్నులు. సూదితో ప్లాస్టిక్ నాలుకని పైకెత్తి పిన్నుని పక్క కంతలోకి మారిస్తే సరిపోతుంది. ముందు ఉన్న పాత యూఎస్‌బీ వైర్లు మాత్రం విడివిడి పిన్నులతో ఉంటే జాగ్రత్త. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నలుపు క్రమం తప్పితే పెన్‌డ్రైవ్ కాలిపోతుంది. మేము ఆ పోర్టులు వదిలేసి, ఖాళీగా ఉన్న ఫ్లాపీ చోట యూఎస్‌బీ 3 ప్యానెల్ ఒకటి బిగించాం. హైదరాబాద్‌లో ఉండే మిత్రులు స్టాటిక్ కరెంటు గురించి భయపెడతారు. ఎండు గాలిలో అది నిజమైన భయమే. మన తేమ గాలిలో ఆ బాధ తక్కువ, అయినా పని మొదలుపెట్టే ముందు ఎర్త్ ఉన్న ఇనుముని ఒకసారి ముట్టుకోవడం మంచిది.

అడుగున తుప్పుని ఉప్పు కాగితంతో గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, పైన నల్ల స్ప్రే కొట్టాం. రంగు వేసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. స్టాండాఫ్‌లు దిగే చోట, ఎస్‌ఎంపీఎస్ బిగించే చోట కాగితం టేపు అంటించి, రంగు పడకుండా చూడాలి. అక్కడ ఇనుమూ ఇనుమూ తగిలితేనే ఎర్త్ బోర్డు దాకా చేరుతుంది. వెనక పోర్టుల చుట్టూ పెట్టే రేకు పలక కొత్త బోర్డుతో పాటే వస్తుంది, సెకండ్ హ్యాండ్ బోర్డు కొంటే అడిగి మరీ తీసుకోండి. ఇక్కడ అది అందం కోసం కాదు. ఆ కంత తెరిచి ఉంటే బల్లి దూరుతుంది, వానాకాలంలో చీమలు వెచ్చదనం కోసం గుడ్లతో సహా కాపురం పెడతాయి. సీడీ డ్రైవ్ తీసిన ఖాళీలు, కార్డుల వెనక సందులు కూడా మూయాలి. గోదారి పొంగినప్పుడు లంక ఊళ్లలో అందరికీ తెలిసిన జాగ్రత్త ఒకటుంది, డబ్బాని నేల మీద పెట్టకపోవడం. 2022 జూలై వరదల్లో బల్ల మీదున్నవీ కొన్ని దక్కలేదు, అటక మీదకి చేర్చినవి దక్కాయి.

పాత డబ్బాలన్నీ పనికొస్తాయని నేను అనడం లేదు. బ్రాండెడ్ ఆఫీసు సిస్టమ్‌ల డబ్బాలు చాలావరకు కొలతలు కలవవు. ఎస్‌ఎంపీఎస్ ఆకారం వేరు, ముందు వైర్ల ప్లగ్గు వేరు, వెనక కంతలు ఆ బోర్డుకే తొలిచినవి. 2004లో ఇంటెల్ బీటీఎక్స్ అని మరో పద్ధతి తెచ్చింది, రెండు మూడేళ్లకే వదిలేసింది. ఆ కాలపు కొన్ని డెల్ డబ్బాల్లో బోర్డు అవతలి పక్కకి బిగుస్తుంది, ఏటీఎక్స్ బోర్డు పట్టదు. అలాంటివాటిని వదిలెయ్యండి. పిల్ల హాస్టల్లో ఉండి చదువుకుంటుంటే లాప్‌టాపే సరైనది, డెస్క్‌టాప్ కోసం మొండికెయ్యకూడదు. ఇంట్లో పాత డబ్బా అంటూ లేనివాళ్లకి ఎనిమిదో తరం రీఫర్బిష్డ్ ఆఫీసు సిస్టమ్ నా లెక్క ప్రకారం మంచి బేరం. మరమ్మతు వస్తే దాని ఎస్‌ఎంపీఎస్ బజారులో దొరకడం కష్టమని ముందే తెలిసి కొనుక్కోవాలి. ఇక ఇంట్లో ఉన్నది మూడో నాలుగో తరం ఐ3 అయి, ఇంకా ఆన్ అవుతోంటే, కొత్త సిస్టమ్ కొనకముందు ఒక సాటా ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కించి చూడండి. బ్రౌజరు, తెలుగు టైపింగు, లెక్కలు అన్నీ నడుస్తాయి. ఇంత తక్కువ ఖర్చుతో పోయే దారి ఉండగా నేను పెద్ద ఖర్చు చెయ్యమనను.

గాజు డబ్బా కావాలని ముచ్చటపడే పిల్లల్ని నేను తప్పుపట్టను. ఆ ముచ్చట తీరడానికి తల్లిదండ్రులు ఇచ్చిన డబ్బు సరిపోతే మంచిదే. నా గొడవ, సరిపోని డబ్బులో ఆ ముచ్చట మొదట తీర్చి, తర్వాత ఎస్‌ఎంపీఎస్ దగ్గర మోసపోవడం మీద. అమ్మేవాళ్లు ఇది ముందే చెప్పాలి. చెప్పకపోతే మనం బిల్లు మీద ఎస్‌ఎంపీఎస్ కంపెనీ, మోడల్ నంబరు రాయించుకోవాలి. వారంటీ కాగితం చేతికి తీసుకోవాలి.

పాత బోర్డు, పాత ఎస్‌ఎంపీఎస్ ఎక్కడ పడెయ్యాలన్నది ఇంకా నాకు నచ్చని చిక్కుగానే ఉంది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదారులే వీటిని రిజిస్టరైన రీసైక్లర్లకి చేర్పించే బాధ్యత తీసుకోవాలి. పల్లెలో మాత్రం ఇనుప బండి తప్ప దిక్కు లేదు. రాగి కోసం ఆ తీగల్ని కాలవ గట్టు మీద కాల్చడం నేను కళ్లారా చూశాను, ఆ పొగ పీల్చేది ఆ పక్క పిల్లలే. అందుకని మేము బోర్డునీ ఎస్‌ఎంపీఎస్‌నీ బండికి ఇవ్వకుండా, పెద్ద ఊళ్లో సేకరించే చోటు దొరికేదాకా అట్టపెట్టెలో కట్టి ఉంచాం. పాత హార్డ్ డిస్క్ విషయంలో ఇంకో తొందర ఉంది. అది నలభై పిన్నుల ఐడీఈ రకం, దాన్ని కన్వర్టర్‌తో యూఎస్‌బీకి తగిలిస్తే తెరుచుకుంది. అక్క వాళ్ల గృహప్రవేశం ఫొటోలు అందులోనే ఉన్నాయి, వాటి ప్రింట్లు ఎక్కడా లేవు. అన్నీ కొత్త ఎస్‌ఎస్‌డీలోకీ, ఒక పెన్‌డ్రైవ్‌లోకీ ఎక్కించాం.

ముందుముందు మేనకోడలు మెషీన్ లెర్నింగ్ అంటూ గ్రాఫిక్స్ కార్డు అడగొచ్చు. అప్పుడు ఈ డబ్బాలో అడ్డొచ్చేది హార్డ్ డిస్క్‌ల పంజరం. అది రివెట్లతో బిగించి ఉంది, డ్రిల్లుతో రివెట్ల తలలు తీసేస్తే ఊడొస్తుంది, ఆ పని మా ఊరి వెల్డింగ్ షాపులో చేస్తారు. వేడి సంగతి కూడా అప్పుడు మళ్లీ మొదటి నుంచి లెక్కవెయ్యాలి, రెండొందల వాట్ల కార్డుకి ఈ 80 మిల్లీమీటర్ల ఫ్యాను చాలదు. వెనక రేకుకి 120 ఫ్యాను పట్టేంత వెడల్పు ఉందో లేదో ఇప్పుడే కొలిచి, మూత లోపలి వైపు పెన్సిల్‌తో రాసి పెట్టాను.